దోస్తుల లెక్కలోంచి హాస్టల్‌ను తీసేయొచ్చా?

నల్గొండ, పీజీ విద్యార్థిని: పిల్లలు తమ కులంవాళ్ళతోనే ఎంతగా దోస్తీ చేస్తారో చూడటానికి మా కాలేజీలో ఒక్కొక్కరినీ ఐదుగురు దగ్గరి దోస్తుల పేర్లు అడగబోతున్నా. క్లాసులో బీసీలు 40 శాతం, ఒక బీసీ పిల్ల దోస్తుల్లో బీసీలు 70 శాతం అనుకోండి. 40 ఎలాగూ వచ్చేదే. పైన వచ్చిన 30ని, వందలో 40 పోగా మిగిలే 60తో భాగిస్తే 0.5. ఇది సామాజిక శాస్త్రవేత్త కోల్‌మన్ 1958లో చెప్పిన సూచిక; సున్నా వస్తే తమవాళ్ళ వైపు మొగ్గు లేనట్టు. మా గైడ్ సార్ మాత్రం క్లాసుతో కాదు, హాస్టల్లో ఉన్నవాళ్ళతోనే పోల్చమంటున్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్ళు వేర్వేరు కదా, అలా పోలిస్తే చూపడానికి ఏం మిగులుతుంది?

పాలమూరు, స్టాటిస్టిక్స్ లెక్చరర్: సారు చెప్పిందే సరైనదమ్మా. కలిసే వీలే లేనిచోట పిల్లలు తమవాళ్ళనే ఎంచుకున్నారని అనడం అన్యాయం. ఇంకో చిక్కుంది. దోస్తుకి దోస్తు మనకూ దోస్తవుతాడు. మొదట ఇద్దరు ఒకే కులమని కలిసినా, మూడోవాడు వాళ్ళ వెంట వచ్చినవాడే కావచ్చు. మామూలు రిగ్రెషన్ ప్రతి జతనూ విడిగా చూస్తుంది కాబట్టి అంతా కులం ఖాతాలోనే పడుతుంది. దోస్తీల వలనంతా ఒకేసారి చూసే ఈఆర్‌జీఎం అనే గణాంక నమూనా వాడితే కులం వల్ల ఎంత, దోస్తుకి దోస్తు కావడం వల్ల ఎంత అన్నది కొంతవరకు విడివిడిగా తెలుస్తుంది.

మిర్యాలగూడ, టీచర్: నేను ఎస్సీ హాస్టల్లో ఉండి చదివినోణ్ణి. మూడేళ్ళు నా బెంచీలోనే కూర్చున్నవాడితో ఒక్కపూట కూడా కలిసి అన్నం తినలేదు. ఇష్టం లేక కాదు. సాయంత్రం కాగానే వాడు బస్సెక్కేవాడు, నేను హాస్టల్‌కి పోయేవాణ్ణి. సార్, మీరు 'కలిసే వీలు' అని పక్కన పెడుతున్నది నా మూడేళ్ళు. దాన్ని తీసేశాక సూచిక సున్నాకి దగ్గరగా వస్తే, మా కాలేజీలో కుల భేదం లేదని రాసేస్తారా?

లెక్చరర్: అట్ల రాస్తే తప్పే అన్నా, ఒప్పుకుంటా. కానీ రెండూ ఒకే అంకెలో కలిపితే మార్చాల్సింది హాస్టళ్ళ పద్ధతా, పిల్లల తీరా అన్నది తేలదు. సామాజిక శాస్త్రవేత్త మెక్‌ఫర్సన్, మరో ఇద్దరు 2001లో రాసిన సమీక్షలో కూడా కలిసే వీలు వల్ల తమవాళ్ళతో ఏర్పడే దోస్తీని, దాన్ని మించి కనిపించేదాన్ని విడదీశారు. క్లాసుతో పోల్చిన అంకె, హాస్టల్‌తో పోల్చిన అంకె రెండూ పక్కపక్కనే వేయాలి.

టీచర్: వేయండి. కానీ మొదటిది 'సరిదిద్దని అంకె', రెండోది 'అసలు అంకె' అని పేర్లు పెట్టొద్దు. నాకు మొదటిదే అసలు.

విద్యార్థిని: రెండూ వేస్తా అన్నా, ఆ పేర్లు పెట్టను. ప్రతి దోస్తునూ మొదట ఎక్కడ కలిశారో కూడా అడుగుతా: క్లాసా, మెస్సా, బస్సా, ఊరా అని.

టీచర్: ఇంకొకటి కూడా అడుగమ్మా. దోస్తీ చేయాలని ఉండి, చేయలేకపోయింది ఎవరితో?