ఫార్వర్డ్ పాస్ ఘనత ఎవరిది? కోకెమ్స్‌దా, నోటర్‌డేమ్‌దా?

మూడో_డౌన్:
అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసిరే ఆట 1913 నవంబరు 1న వెస్ట్ పాయింట్‌లో పుట్టిందని చాలామంది నమ్మకం. ఆ రోజు నోటర్‌డేమ్ యూనివర్సిటీ, సైనిక అకాడమీ జట్టైన ఆర్మీని 35-13తో ఓడించింది. నోటర్‌డేమ్ ఆటగాడు గస్ డొరే 17 పాసులు వేస్తే 14 చేరాయి, మొత్తం 243 గజాలు. కానీ సెయింట్ లూయీ యూనివర్సిటీ కోచ్ ఎడ్డీ కోకెమ్స్ ఈ పని ఏడేళ్ళ ముందే చేసి చూపించాడు. ఆయన పేరే ముందుండాలి.

1906 సెప్టెంబరు 5, వాకెషాలో కారల్ కాలేజీతో ఆట. పరుగులతో దారి దొరక్కపోయేసరికి సెయింట్ లూయీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ పాస్ వేశాడు. ఎవరికీ చిక్కలేదు, బంతి కారల్ పరమైంది. ఆ తర్వాత వేసిన పాస్‌ను 20 గజాల దూరంలో అతని జట్టువాడు జాక్ ష్నైడర్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని కారల్ గోల్ గీత దాటించాడు. సెయింట్ లూయీ 22-0తో గెలిచింది.

పాత_స్కోరుబోర్డు:
ముందు వేసినంత మాత్రాన ఘనత రాదండీ. నెల తిరక్కుండానే, అక్టోబరు 3న, వెస్లియన్ వాళ్ళు యేల్ మీద వేశారు. సెయింట్ లూయీ ఆ సీజన్‌లో 11కి 11 గెలిచింది, పాయింట్లు 407-11, నిజమే. అందులో తూర్పు తీరపు పెద్ద జట్టు ఒక్కటైనా ఉందా?

మూడో_డౌన్:
లేదు. అయితే అయోవా మీద 39-0 ఆట చూడండి: పది పాసుల్లో ఎనిమిది చేరాయి. అప్పటి నియమాలు తెలిస్తే అదెంత కష్టమో అర్థమవుతుంది. మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, 10 గజాలు సాధించాలి. ఎవరికీ తగలకుండా పాస్ నేలపాలైతే బంతి ఎదుటివాళ్ళదే. విసిరేవాడు బంతి ఆటలోకి వచ్చిన చోటు నుంచి కుడికో ఎడమకో 5 గజాలు జరిగాకే వేయాలి. అందుకే మైదానానికి నిలువు గీతలు కూడా గీసేవారు. గోల్ గీత వెనక పాస్ అందుకోగలిగే ఎండ్ జోన్ 1912 దాకా లేనేలేదు.

ఇంత కట్టడిలో కోచ్‌లు పాస్ జోలికి వెళ్ళకపోవడంలో వింత లేదు. కోకెమ్స్ మాత్రం ఆ వేసవిలోనే జట్టును విస్కాన్సిన్‌లోని బ్యూలా సరస్సు దగ్గర సాధనకు కూర్చోబెట్టాడు. అప్పటి బంతి లావు, చెయ్యి చాలదు. మధ్యలో పట్టుకుంటే జారిపోయి గాల్లో పల్టీలు కొడుతుంది. చివరకు దగ్గరగా, చుట్టుకొలత తక్కువున్న చోట, రెండు కుట్ల మధ్య వేళ్ళు పెట్టి, మణికట్టు తిప్పుతూ పొడవు ఇరుసు మీద తిరిగేలా విసరమన్నాడు. 1907లో ఫుట్‌బాల్ నిపుణుడు వాల్టర్ క్యాంప్ సంపాదకత్వంలో వచ్చిన స్పాల్డింగ్ ఫుట్‌బాల్ గైడ్‌లో ఈ పట్టు గురించి వ్యాసం కూడా రాశాడు. ఇది అదృష్టం కొద్దీ తగిలిన దెబ్బ కాదు, పద్ధతి.

కార్లైల్_అభిమాని:
కోచ్ పాప్ వార్నర్‌ను ఇద్దరూ వదిలేశారు. 1907లో ఆయన కార్లైల్ స్కూల్ జట్టు ఫిలడెల్ఫియాలో పెన్‌ను (పెన్సిల్వేనియా యూనివర్సిటీని) 26-6తో ఓడించింది. పీట్ హౌజర్ వేసిన పొడవాటి స్పైరల్ (ఇరుసు మీద తిరుగుతూ వెళ్ళే) పాసులు తూర్పు పత్రికలవాళ్ళ కళ్ళెదుటే పడ్డాయి. పాస్ నేలపాలైతే ఆ ఏడాది మొదటి రెండు డౌన్లలో 15 గజాల పెనాల్టీ. బంతి పోదు కాబట్టి తెగించడం కాస్త సులువైంది.

పాత_స్కోరుబోర్డు:
కార్లైల్ మాట ఒప్పుకుంటాను. పట్టు, విసురు కోకెమ్స్‌వే, అందులోనూ పేచీ లేదు. 1913లో నోటర్‌డేమ్‌కు ఆడి, తర్వాత దాని కోచ్ అయిన రాక్నీ సైతం తన జ్ఞాపకాల్లో ఆయన పేరు చెప్పాడు. నా అభ్యంతరం వ్యాప్తి గురించి. 1910లో పాస్ పొడవుకు 20 గజాల హద్దు పెట్టారు, 1912లో తీసేసి బంతినీ సన్నం చేశారు. నోటర్‌డేమ్ ఆడింది ఈ కొత్త బంతితో, కొత్త నియమాలతో. కోకెమ్స్ 1908 తర్వాత సెయింట్ లూయీ వదిలాడు, 1914లో మెయిన్ యూనివర్సిటీలో ఒక్క సీజన్‌తో సరి. రాక్నీ 1918 నుంచి 1930 దాకా నోటర్‌డేమ్ కోచ్‌గా ఉండి, దేశమంతటికీ శిష్య కోచ్‌లను పంపాడు.

మూడో_డౌన్:
అది ప్రచారం చేసినవాడి ఘనత. లావు బంతితో, తప్పితే బంతే పోయే నియమం కింద మొత్తం సీజన్ ఆడింది కోకెమ్స్ జట్టు.