కార్బన్ ఫైబర్ బానెట్ పగిలింది: బాగు చేయించడమా, మార్చడమా?

పెద్దలందరికీ నమస్కారం.

ఉద్యోగరీత్యా ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక తీర్చుకుందామని పోయిన నెలలో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. దాని బానెట్, ముందు బంపర్ కింద ఉండే స్ప్లిటర్ కార్బన్ ఫైబర్‌వేనని అమ్మినాయన చెప్పారు. గత వారం ఆఫీసు పార్కింగ్‌లో పైనుంచి ఏదో బరువైన వస్తువు పడి బానెట్ మీద నక్షత్రం ఆకారంలో పగుళ్లు వచ్చాయి. ఆ కంగారులో ర్యాంప్ దిగుతూ స్ప్లిటర్ అంచును కూడా నేలకు గీరాను. ఒక బాడీ షాపువారు చూస్తూనే రెండూ మార్చాల్సిందేనన్నారు. ఇంకొకరు పుట్టీ పెట్టి క్లియర్ కోట్ (రంగు లేని మెరుపు పూత) కొడితే కనపడదన్నారు. ఇద్దరిలో ఎవరూ బానెట్ ఎత్తి చూడలేదు. ఇక్కడ నాకు తెలిసిన మెకానిక్ ఒక్కరూ లేరు. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

———

నమస్కారమండీ.

మీరు చివర్లో రాసిన మాటే ఇందులో అసలు సంగతి. బానెట్ ఎత్తి కిందివైపు చూడకుండా కార్బన్ ఫైబర్ గురించి తీర్పు చెప్పినవారి మాట, అది మార్చమన్నా సరే, పుట్టీ పెట్టమన్నా సరే, పక్కన పెట్టండి.

ఇనుప రేకుకు దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, దెబ్బ ఎంతదో ఆ సొట్టే చెబుతుంది. కార్బన్ ఫైబర్‌కు సొట్టపడే గుణం లేదు. వంగినంత వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, తట్టుకోలేకపోతే విరుగుతుంది. వెంట్రుక కంటే ఎంతో సన్ననైన, సుమారు 7 మైక్రాన్ల పోగులను వేల సంఖ్యలో కలిపి దారంగా చేసి, ఆ దారాలను పడుగు పేకలుగా నేసి, ఆ గుడ్డను పొరలు పొరలుగా పేర్చి ఎపాక్సీ రెసిన్ అనే గట్టిపడే జిగురుతో అతికిస్తారు కాబట్టి, దెబ్బ తగిలినప్పుడు పైపొర చెక్కుచెదరకుండా ఉండి లోపలి పొరలు మాత్రం ఒకదాన్నుంచి ఒకటి విడిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చాలాసార్లు పగులు పైవైపు కంటే కిందివైపే పెద్దదిగా కనిపిస్తుంది.

మీరు ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. చుట్టుపక్కల చప్పుడు లేని వేళ చూసి, ఒక నాణెం అంచుతో, పగులుకు జానెడు దూరం నుంచి మొదలుపెట్టి, వేలెడు వేలెడు జరుపుతూ మెల్లగా తట్టుకుంటూ రండి. బాగున్న చోట ‘టక్కు టక్కు’మని పదునుగా వినిపిస్తుంది. పొరలు విడిన చోట అదే నాణెం దిండు మీద తట్టినట్టు ‘డబ్ డబ్’ మంటుంది. శబ్దం మారిన ప్రతిచోటా మాస్కింగ్ టేపు ముక్క అంటించండి. చివరికి ఆ టేపు ముక్కలు గీసే హద్దే మీ అసలు నష్టం; పైన కనిపించే నక్షత్రం కాదు. అయితే బానెట్ లోపల అతికించిన చట్రం ఉన్న చోట కూడా శబ్దం మారుతుంది కాబట్టి, అనుమానం వచ్చిన ప్రతిసారీ బానెట్ రెండో పక్కన సరిగ్గా అదే చోట తట్టి పోల్చుకోండి. ఈ పరీక్ష తెలిపేది కొంతే. పెద్ద మరమ్మతుకు ముందు మంచి వర్క్‌షాపువారు అల్ట్రాసౌండ్‌తో కూడా చూస్తారు.

ఆ తర్వాత, ఆ భాగం చేసే పని ఏమిటని అడగాలి. స్ప్లిటర్, అద్దాల తొడుగులు, వెనక బంపర్ కింద ఉండే డిఫ్యూజర్ అంచులు ఎక్కువగా గాలిని మళ్లించడానికీ అందానికీ ఉంటాయి. వాటిని బాగు చేయించడంలో పెద్ద ప్రమాదం లేదు. కారు అస్థిపంజరమే కార్బన్ అయితే కథ పూర్తిగా వేరు. 1992లో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 మొదలుకొని ఆల్ఫా రోమియో 4సీ వరకు కొన్ని కార్లలో మనిషి కూర్చునే తొట్టే కార్బన్. దానికి దెబ్బ తగిలితే ఆ కంపెనీ అనుమతించిన వర్క్‌షాపు తప్ప మరొకరు చేయి పెట్టకూడదు. కార్బన్ చక్రాలకు కూడా నేను ఇదే మాట చెబుతాను. మీ బానెట్ ఈ రెంటికీ మధ్యలో ఉంది: అది మూతే అయినా, దాని కీలు, గొళ్లెం ఉన్న చోట్ల మాత్రం బరువు మోస్తుంది. పగులు వాటికి దూరంగా ఉంటే బాగు చేయించవచ్చు. గొళ్లేన్ని తాకితే మార్చడమే మేలు, ఎందుకంటే వేగంగా వెళ్తుండగా బానెట్ లేచి ముందు అద్దానికి అడ్డం పడితే మీకు ముందున్న రోడ్డే కనపడదు.

సరైన మరమ్మతు ఎలా ఉంటుందో తెలిస్తే షాపువారిని ప్రశ్నించడం సులువవుతుంది. చెడిన భాగాన్ని కోసి తీసేశాక, రంధ్రం చుట్టూ ఉన్న అంచును నిట్టనిలువుగా వదలకుండా సన్నని ఏటవాలుగా అరగదీయాలి. మందం 1.5 మిల్లీమీటర్లు ఉండి 20కి 1 చొప్పున వాలు ఇస్తే, చుట్టూ 30 మిల్లీమీటర్లు అరగదీయవలసి వస్తుంది. ఆ వాలు మీద ఒకదాని కంటే ఒకటి కాస్త పెద్దదిగా, పాత పొరలు ఏ దిశలో ఉన్నాయో అదే దిశలో కొత్త పొరలు పరిచి, సంచి కప్పి వ్యాక్యూమ్‌తో గాలి లాగి, ఆ ఒత్తిడిలోనే గట్టిపడనివ్వాలి. “మీరు ఎంత వాలు ఇస్తారు, వ్యాక్యూమ్ పెడతారా, తర్వాత వేడి చేస్తారా” అని అడిగి చూడండి. మొదటి ప్రశ్నకే ముఖం చిట్లించేవారి దగ్గర బండి దిగవద్దు.

కనపడకుండా చేస్తామనే మాట నేనైతే నమ్మను. నేతలో గళ్లు కలిసేలా అతికించినా, పక్క నుంచి వెలుగు పడగానే ప్యాచ్ తెలుస్తుంది. నేత కనపడడమే ముఖ్యమైతే, మరమ్మతు తర్వాత బానెట్ మొత్తం మీద కొత్త గుడ్డ పొర ఒకటి వేయించాలి; లేకపోతే శుభ్రంగా నలుపు రంగు వేయించుకోవాలి. నా కారు విషయంలో నేను రంగే వేయించాను, ఇప్పటికీ చింత లేదు.

ఏ పనీ మొదలుపెట్టక ముందే, ఈ రోజే, పగుళ్లను నాలుగు వైపుల నుంచీ పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి ఇన్సూరెన్స్ వారికి రాతపూర్వకంగా తెలియజేయండి. ముందు బాగు చేయించి తర్వాత డబ్బు అడిగితే, నష్టం చూడలేదన్న కారణంతో కాదనే వీలు వారికి దొరుకుతుంది.

———

అన్నగారు చెప్పిన దానికి కొంత కలుపుతాను, ఒకచోట విభేదిస్తాను. నేను కాంపోజిట్ భాగాలు, అంటే ఇలా పోగులను రెసిన్‌తో కలిపి చేసేవి, తయారుచేసే చోట పనిచేస్తాను.

వ్యాక్యూమ్ పెట్టారా లేదా అన్నదానికంటే, తర్వాత వేడి చేశారా లేదా అన్నదే బానెట్ విషయంలో నాకు ముఖ్యంగా తోస్తుంది. మామూలు గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడతాయి. ఎండలో నిలిపిన నల్లని బానెట్, అందులోనూ కింద ఇంజన్ ఉన్నది, ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది. నా సొంత కారు బానెట్‌ను మొదట్లో ఒక షాపులో ఇచ్చినప్పుడు, అద్దంలా మెరిసే పని చేసి ఇచ్చారు. వేసవి వచ్చేసరికి ప్యాచ్ అంచు చేతి మీద నరంలా పైకి తేలింది, కింద నేత గళ్లు కూడా మెరుపులోంచి గరుగ్గా తగిలాయి. వేడి చేసే దశను వారు వదిలేశారని అప్పుడు తెలిసింది. రెసిన్ తయారుచేసినవారు ఇచ్చే కాగితంలో ఎన్ని గంటలు, ఎన్ని డిగ్రీలు అని ఉంటుంది. ఆ కాగితం చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

పుట్టీ సంగతి: బాడీ షాపుల్లో వాడే మామూలు పుట్టీ పాలియెస్టర్ అనే వేరే రకం రెసిన్‌తో చేసింది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ పట్టు బలహీనం. పైగా అది పగులును కప్పుతుందే గానీ తెగిన పోగులను కలపదు.

స్ప్లిటర్ అంచును మీరే సరిచేసుకోవచ్చు. లేచిన పోగులను కత్తిరించి, నీళ్లతో తడుపుతూ గరుకు కాగితంతో నున్నగా చేసి, పూర్తిగా ఆరాక పలుచని ఎపాక్సీతో అంచును మూసేయండి. లేకపోతే తడి పొరల మధ్యకు పాకుతుంది. కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, అంతేకాక విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. పక్కనే తెరిచి పెట్టిన ల్యాప్‌టాప్‌ను, చార్జర్‌ను దూరంగా ఉంచండి. సన్నని ధూళిని ఆపే మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. రెసిన్‌ను ఒకేసారి కప్పు నిండా కలపకండి. కుప్పగా ఉన్న రెసిన్ తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. క్లియర్ కోట్ మాత్రం పెయింటర్‌కే వదిలేయండి, అందులోని ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలకు ఆ దుమ్ము మాస్కు సరిపోదు. అయినా క్లియర్ కోట్ మానవద్దు; అది లేని ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది.

ఒకవేళ మార్చడమే అయితే, బోల్టులు గమనించండి. కార్బన్, అల్యూమినియం నేరుగా తాకుతూ తడి తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో గాజు ఫైబర్ పొర ఉండాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువో టైటానియంవో కావాలి. బంపర్‌ను కార్బన్‌తో మార్చమని ఎవరైనా ఊరిస్తే, దాని వెనక రాడార్ ఉందేమో ముందు చూడండి. కార్బన్ రాడార్ తరంగాలను అడ్డుకుంటుంది.

———

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బేస్‌మెంట్‌లో నాణెంతో తట్టి చూశాను. డొల్ల శబ్దం నక్షత్రానికి రెండింతల మేర వచ్చింది, గొళ్లానికి జానెడు దూరంలో ఆగింది. కానీ ఇంకో సంగతి బయటపడింది. కిందివైపు నలుపు రంగు ఒకచోట పెచ్చులూడి ఉంది, దాని కింద కనిపించింది నల్లని నేత కాదు, చాపలా అల్లుకున్న తెల్లటి పోగులు. పైపొర మాత్రం నిజమైన నేతే. ఇది ఏమిటి?

———

అది గాజు ఫైబర్ బానెట్. పైన ఒకే ఒక్క కార్బన్ పొర వేసి అమ్ముతారు, బయట దొరికే భాగాల్లో ఇది చాలా మామూలు విషయం. అంటే కారుతో వచ్చిన బానెట్‌ను ఎవరో ఎప్పుడో మార్చేశారన్నమాట. మీకు అమ్మినాయన తెలిసీ చెప్పలేదో, ఆయనకే తెలియదో గానీ, ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇన్సూరెన్స్ వారికి రాసే ఉత్తరంలో ఈ సంగతి కూడా దాచకుండా చేర్చండి. ఇలాంటి మార్పులు ముందే తెలియజేయాలని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది. మీరు కొనక ముందే జరిగిన మార్పు అని, ఇప్పుడే మీ దృష్టికి వచ్చిందని తేదీతో రాయండి.

దీనితో నా సలహా కొంత మారుతోంది. ఒక్క పొర కార్బన్ కోసం నేత గళ్లు కలపడానికి తంటాలు పడడంలో అర్థం లేదు. గొళ్లెం దూరంగా ఉందంటున్నారు కాబట్టి, గాజు ఫైబర్‌నే ఎపాక్సీతో కట్టించి, అక్కగారు చెప్పినట్టు వేడి చేయించి, రంగు వేయించండి. లేదా ఆ కారు తయారుచేసిన కంపెనీ బానెట్‌నే వెతకండి. కారు గుద్దినప్పుడు పాదచారులకు తగిలే దెబ్బ తగ్గేలా బానెట్‌ను కాస్త పైకి లేపే ఏర్పాటు మీ కారులో ఉంటే, నా మొగ్గు రెండో దారికే. బయటి బానెట్ తీసుకుంటే మాత్రం రంగు వేయించక ముందే బిగించి, రెండు పక్కలా సందులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకసారి రంధ్రం చేసినా, రంగు వేసినా అమ్మినవారు వెనక్కి తీసుకోరు.

గొళ్లెం బిగించిన లోహపు పలక గాజు ఫైబర్ లోపల గట్టిగా ఉందా, చేత్తో లాగితే కదులుతోందా అన్నది ఈ రోజే చూడండి. కదిలితే ఎవరి చేతనైనా బానెట్ లేవకుండా పైనుంచి పట్టి ఉంచే రెండు బానెట్ పిన్నులు పెట్టించే వరకు హైవే ఎక్కకండి.