బయాప్సీ రిపోర్టులో ఫైబ్రోసిస్టిక్ ఛేంజెస్ అని ఉంది, భయపడాలా?

నిద్రలేని_పిట్ట:
నాకు 38. ఎడమ రొమ్ములో పైన, చంక వైపు గట్టిగా తగిలితే స్కాన్ చేశారు, బైరాడ్స్ (స్కాన్‌లో అనుమానం ఎంతో చెప్పే గ్రేడు) 4ఎ అని వచ్చింది, సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. నిన్న డాక్టరుగారు క్యాన్సర్ కాదన్నారు. ఆ మాట వినగానే నేనూ ఇంకేం అడక్కుండా లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి చదివితే ఫైబ్రోసిస్టిక్ ఛేంజెస్, అపోక్రైన్ మెటాప్లేసియా, మైల్డ్ యూజువల్ డక్టల్ హైపర్‌ప్లేసియా అని ఉంది. "మెటా" అని చూడగానే చేతులు చల్లబడ్డాయి. ఎవరైనా మామూలు మాటల్లో చెప్పండి.

ల్యాబ్_అక్క:
ముందు ఆ మెటా సంగతి. మెటాప్లేసియాకీ మెటాస్టాసిస్‌కీ ఏ సంబంధమూ లేదమ్మా. మెటాస్టాసిస్ అంటే క్యాన్సర్ వేరే చోటికి పాకడం. ఒక రకం కణాలు ఇంకో రకంగా మారితే మెటాప్లేసియా అంటారు. ఇక్కడ నీటితిత్తి లోపలి కణాలు చెమట గ్రంథి కణాల్లా మారాయి, అంతే. ఫైబ్రోసిస్టిక్ అంటే నెలనెలా హార్మోన్ల ఎగుడుదిగుళ్లకి రొమ్ములో నారలాంటి కణజాలం పెరగడం, చిన్న చిన్న నీటితిత్తులు రావడం. సగం మందికి పైగా ఆడవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఉండేదే, దీన్ని జబ్బు అనడం కూడా ఇప్పుడు తగ్గించేశారు. హైపర్‌ప్లేసియా అంటే పాలనాళం గోడలో కణాల వరసలు కాస్త పెరిగాయని. మైల్డ్ అయితే క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు లెక్క కాదు. నువ్వు వెతకాల్సిన మాట ఒక్కటే, ఎటిపియా, అంటే కణాల రూపు అసహజంగా మారడం. అది ఉంటే ముప్పు దాదాపు 4 రెట్లు అంటారు, అప్పుడు ఫాలోఅప్ పద్ధతే వేరు. రిపోర్టులో ఆ మాట ఉందో లేదో చూడు.

రెండోసారి_గడ్డ:
నాది ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ, 24 ఏళ్లప్పుడు. వేలు పెడితే రబ్బరు గోళీలా పక్కకి జారిపోయేది. తీయలేదు, పెరిగితే చూద్దామన్నారు, ఇప్పటికీ అలాగే ఉంది. సూది పెడితే మామూలు గడ్డ కూడా క్యాన్సర్ అవుతుందని మా అత్తయ్య నెల రోజులు నన్ను బయాప్సీకి వెళ్లనివ్వలేదు. అలా ఏం అవదండి, ఆ నెల టెన్షన్ మాత్రం ఊరికే పడ్డాను.

ల్యాబ్_అక్క:
ఇంకోటి మర్చిపోయాను, ఇదే అసలు ముఖ్యం. 4ఎ అంటే క్యాన్సర్ అవకాశం నూటికి 2 నుంచి 10 లోపే, కాబట్టి బయాప్సీ బాగుండటం వింతేం కాదు. కానీ "స్కాన్‌లో కనిపించినదానికీ ఈ బయాప్సీకీ పొంతన కుదిరిందా" అని డాక్టర్ని సూటిగా అడుగు. సూది గడ్డలో కాకుండా పక్కన దిగి ఉంటే రిపోర్టు బాగున్నా లాభం లేదు. కుదరలేదంటే మళ్లీ ముక్క తీస్తారు. మళ్లీ స్కాన్ ఎప్పుడో కూడా రాయించుకో. ఈలోపు కొత్త గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా "పాత రిపోర్టు బాగానే ఉందిగా" అని ఊరుకోవద్దు.

నిద్రలేని_పిట్ట:
చూశానక్కా. "నో ఎటిపియా సీన్" అని చివరి లైన్లో ఉంది, కాగితం మడత మీద పడి నాకు కనపడనే లేదు. పొంతన సంగతి సోమవారం వెళ్లి అడుగుతాను. పీరియడ్స్‌కి వారం ముందు రెండు వైపులా బరువెక్కి సలపడం కూడా దీనివల్లేనా?

రెండోసారి_గడ్డ:
చాలావరకు హార్మోన్లదే అండి. పీరియడ్స్ మొదలవగానే తగ్గిపోతోందా లేదా అని రెండు మూడు నెలలు క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి, డాక్టరు ముందు అడిగేది అదే.