అప్‌డేట్: ఎఫ్‌ఐఆర్ నమోదుకు డబ్బు అడిగిన విషయం

మా తమ్ముడి బైకు దొంగతనంపై ఎఫ్‌ఐఆర్ రాయడానికి స్టేషన్ రైటర్ డబ్బు అడిగారని, ఇవ్వకుండా కేసు నమోదు చేయించే మార్గం చెప్పమని ఇదివరకు అడిగాను. డబ్బు ఇవ్వలేదు, కేసు నమోదైంది.

భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ విధాన చట్టం)లోని 173(4) సెక్షన్ ప్రకారం ఫిర్యాదును జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకున్నాను. కాగ్నిజబుల్ నేరం (కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం) జరిగినట్లు ఫిర్యాదులోనే కనిపిస్తున్నప్పుడు ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితకుమారి కేసులో ఇచ్చిన తీర్పును కూడా అందులో ప్రస్తావించాను. కొద్ది రోజులకే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడు సంతకం చేశాక, ఎఫ్‌ఐఆర్ నకలును అదే రైటర్ మారుమాట లేకుండా చేతికిచ్చారు. ఆ నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

"ఇచ్చేసి పని కానిచ్చుకో" అన్నవారు ఒక సంగతి గమనించాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా అధికారులకు తెలియజేసినవారికే రక్షణ ఉంటుంది. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, వాటి దృశ్యాలను కనీసం ఏడాదైనా భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. రైటర్ డబ్బు అడిగిన రోజు దృశ్యాలను చెరిపివేయకుండా ఉంచాలని ఎస్పీకి విడిగా రాశాను. దానికి జవాబు ఇంకా రాలేదు. బైకు కూడా ఇంకా దొరకలేదు.