కుక్క, గేదెలు, పిల్లాడు ఒకేచోట.. పిడుదులకు ఏం మందు వాడాలి?

మాది పొదిలి దగ్గర పల్లె. వానలు మొదలైనప్పటి నుంచి మా కుక్క చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు గుత్తులుగా పట్టాయండీ. షాపులో గేదెలకు వాడే అమిట్రాజ్ ఇచ్చి కుక్కకు కూడా పోయమన్నాడు, నీళ్లలో ఎంత కలపాలో మాత్రం చెప్పలేదు. పెర్మెత్రిన్ అనే పిడుదుల మందు మాత్రం వద్దు, ఇంట్లో పిల్లి ఉంది, దానికి విషం. అయినా ఆడ పిడుదు రక్తం తాగి రాలిపడి గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది కదా, కుక్క ఒక్కదానికే మందు వేస్తే ఏం లాభం, కొట్టం గోడలకు ఏం కొట్టాలి? నిన్న మా బుడ్డోడి చెవి వెనక ఒకటి కరుచుకుని ఉంటే మా అత్త కిరసనాయిలు పోద్దామంది, నేను వద్దని సన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిదానంగా లాగేశా. జ్వరం వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది, ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి?