షేప్‌ఫైల్ ఆటోక్యాడ్‌లోకి తెస్తే చుక్కలా వస్తోంది, సరిచేశాక సర్వేతో కొలత కలవడం లేదు

లేఅవుట్_వర్తూరు
అందరికీ నమస్తే. బెంగళూరులో వర్తూరు చెరువు దగ్గర ఒక లేఅవుట్‌కి బేస్ డ్రాయింగ్ కావాలి. చేతిలో రెండు రకాల డేటా ఉంది. ఒకటి, జియోఫాబ్రిక్ సైట్ నుంచి దించుకున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లు, కాలువలు, చెరువులు. రెండోది, డీజీపీఎస్‌తో (కచ్చితత్వం ఎక్కువున్న జీపీఎస్) తీసిన హద్దురాళ్ల షేప్‌ఫైల్ (జీఐఎస్ మ్యాప్ డేటా ఫైల్). నా దగ్గర ఆటోక్యాడ్ మ్యాప్ త్రీడీ ఉంది, డ్రాయింగ్ అందుకునేవాళ్ల దగ్గర మామూలు ఆటోక్యాడే.

మ్యాప్‌ఇంపోర్ట్ కమాండ్‌తో తెస్తే అంతా చుక్కంత వస్తోంది. ఐడీ కమాండ్‌తో చూస్తే 77.74, 12.94 అని చూపిస్తోంది. క్యూజీఐఎస్‌ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్ మీద రైట్ క్లిక్ చేసి డీఎక్స్‌ఎఫ్‌గా (క్యాడ్ డ్రాయింగ్ ఫైల్) సేవ్ చేస్తే రోడ్లన్నీ ఒకే లేయర్‌లో పడ్డాయి, పేర్లు పోయాయి. చివరికి యూటీఎం 43కి (డిగ్రీల బదులు మీటర్లలో చూపే ప్రొజెక్షన్, 43వ జోన్) మార్చి తెచ్చాను. సైజు వచ్చింది గానీ, రెండు హద్దురాళ్ల మధ్య సర్వే పరికరం టోటల్ స్టేషన్‌ 640.00 మీటర్లు చూపిస్తే డ్రాయింగ్‌లో 640.36 వస్తోంది. పైగా సర్వే డ్రాయింగ్ మీద పెడితే కాస్త తిరిగి ఉంటోంది. పొరపాటు ఎక్కడుంది?

ప్రొజెక్షన్_పట్టిక
చుక్క సంగతి ముందు. 77.74, 12.94 అంటే డిగ్రీలు. ఆటోక్యాడ్ వాటిని మామూలు యూనిట్లనుకుని గీసేసింది, కాబట్టి బెంగళూరు మొత్తం తెచ్చినా ఒక యూనిట్‌లో ఇమిడిపోతుంది. స్కేల్ కమాండ్‌తో పెంచి సరిపెట్టాలని చూడకండి. డిగ్రీ రేఖాంశం, డిగ్రీ అక్షాంశం నేల మీద సమానం కావు, ఆకారమే సాగిపోతుంది.

మ్యాప్ త్రీడీలో వరస ముఖ్యం. ఖాళీ డ్రాయింగ్ తెరిచి, మీటర్లలో పెట్టుకుని, ముందు మ్యాప్‌సీఎస్‌అసైన్‌తో యూటీఎం84-43ఎన్ ఇవ్వండి. ఆ తర్వాతే మ్యాప్‌ఇంపోర్ట్. డ్రాయింగ్‌కి కోఆర్డినేట్ సిస్టమ్ లేకపోతే మార్చే పనే జరగదు. ఇంపోర్ట్ డైలాగ్‌లో ఇన్‌పుట్ కోఆర్డినేట్ సిస్టమ్ గడిలో ఎల్ఎల్84 (డిగ్రీల అక్షాంశ రేఖాంశాలు) ఉందో లేదో చూడండి. కోఆర్డినేట్ సిస్టమ్ చెప్పే పీఆర్‌జే ఫైల్ పక్కనుంటే అదే నింపుకుంటుంది, లేకపోతే మీరే ఎంచుకోవాలి. అందుకే షేప్‌ఫైల్‌ని ఎవరికైనా పంపేటప్పుడు ఎస్‌హెచ్‌పీ ఒక్కటే కాకుండా ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే, సీపీజీ అన్నీ కలిపి జిప్ చేయాలి.

అక్కడే ఆబ్జెక్ట్ డేటా గడిలో టేబుల్ సృష్టించమంటే పేరు, రకం లాంటి వివరాలు గీతతోపాటే వస్తాయి. పాలిగాన్లను క్లోజ్డ్ పాలీలైన్లుగా తెమ్మనే టిక్ పెట్టండి. లేకపోతే ఎంపాలిగాన్‌లుగా (మ్యాప్ త్రీడీ సొంత పాలిగాన్ రకం) వస్తాయి, వాటితో అవతలివాళ్లకి ఇబ్బంది. ఒక్కటి గుర్తుంచుకోండి: చెరువు మధ్య దిబ్బ ఉంటే అది విడి పాలీలైన్ అవుతుంది, ఏరియా లెక్కలో మీరే తీసేయాలి.

సరిగా వస్తే వర్తూరు దగ్గర ఈస్టింగ్ (తూర్పు దిశ అంకె) సుమారు 7,97,000, నార్తింగ్ (ఉత్తర దిశ అంకె) సుమారు 14,32,000 ఉండాలి. కోలారు వైపు పని పడితే 78 డిగ్రీలు దాటగానే జోన్ 44 మొదలవుతుంది, అది వేరే లెక్క.

క్యూజీఐఎస్_వాడుకరి
డీఎక్స్‌ఎఫ్ దారిలోనే వెళ్లాలంటే లేయర్ మీద రైట్ క్లిక్ చేయకండి. ప్రాజెక్ట్ మెనూలో ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ కింద ప్రాజెక్ట్‌ని డీఎక్స్‌ఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసే ఆప్షన్ వాడండి. అందులో ప్రతి లేయర్ ఎదురుగా అవుట్‌పుట్ లేయర్ ఏ ఫీల్డ్ నుంచి తీసుకోవాలో చెప్పొచ్చు. జియోఫాబ్రిక్ ఫైళ్లలో రోడ్డు రకం ఎఫ్‌క్లాస్ అనే ఫీల్డ్‌లో ఉంటుంది. అది ఎంచుకుంటే ప్రైమరీ, రెసిడెన్షియల్ ఇలా విడివిడి లేయర్లు వస్తాయి. సీఆర్‌ఎస్‌ని (కోఆర్డినేట్ సిస్టమ్‌ని) కూడా అక్కడే మార్చుకోవచ్చు.

సింబాలజీ మోడ్‌ని నో సింబాలజీలో పెట్టండి. రోడ్డుకి అంచు రంగొకటి, లోపల రంగొకటి పెట్టుకుని సింబల్ లేయర్ సింబాలజీతో పంపితే ఒకే రోడ్డు మీద రెండు పాలీలైన్లు పడతాయి, పొడవు లెక్క రెట్టింపు అవుతుంది.

పేర్లు కావాలంటే క్యూజీఐఎస్‌లో లేబుల్స్ ఆన్ చేసి పంపండి, టెక్స్ట్‌గా వస్తాయి. కన్నడ పేర్లు ప్రశ్నార్థకాలుగా కనబడితే ముందు చూడాల్సింది ఆటోక్యాడ్ టెక్స్ట్ స్టైల్. ఆటోక్యాడ్ ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్ (షేప్‌ఫైల్‌తో వచ్చే ఎస్‌హెచ్‌ఎక్స్ కాదు) తీసేసి తుంగా గానీ నిర్మలా యూఐ గానీ పెట్టండి. డీఎక్స్‌ఎఫ్‌లో మిగతా అట్రిబ్యూట్లు ఎలాగూ రావు. అవి కావాలంటే పైవారు చెప్పిన మ్యాప్‌ఇంపోర్టే మేలు.

ఈస్టింగ్_నార్తింగ్
36 సెంటీమీటర్ల దగ్గర ఎవరి పొరపాటూ లేదండి. రెండు కొలతలూ నిజమే. టోటల్ స్టేషన్ నేల మీద దూరం చెబుతుంది, యూటీఎం గ్రిడ్ దూరం, అంటే చదునైన మ్యాప్ మీది దూరం చెబుతుంది.

జోన్ 43 మధ్య రేఖాంశం 75 డిగ్రీలు. వర్తూరు 77.74, అంటే జోన్ తూర్పు అంచు దగ్గర. అక్కడ యూటీఎం స్కేల్ ఫ్యాక్టర్ సుమారు 1.00069, కిలోమీటరుకి 69 సెంటీమీటర్లు ఎక్కువ. బెంగళూరు పీఠభూమి మీద ఉంది కాబట్టి ఎత్తు వల్ల నేల దూరం కిలోమీటరుకి సుమారు 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. 69లో 12 తీసేస్తే 57. అంటే 640 మీటర్లకి 36 సెంటీమీటర్లు. మీకు వచ్చింది సరిగ్గా అదే. ఇదే పని చెన్నైలో చేస్తే జోన్ 44 మధ్య రేఖ 81కి దగ్గర కాబట్టి స్కేల్ సుమారు 0.99968, తేడా తిరగబడుతుంది: గ్రిడ్ దూరం కిలోమీటరుకి 32 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది.

తిరిగి ఉండటానికీ కారణం ఇలాంటిదే. మీ దగ్గర గ్రిడ్ ఉత్తరం నిజ ఉత్తరానికి తూర్పుగా సుమారు 37 నిమిషాలు వాలి ఉంటుంది. వినడానికి చిన్నదే, కానీ 640 మీటర్ల చివర దాదాపు 6.9 మీటర్లు జరుగుతుంది. టోటల్ స్టేషన్ సర్వే నిజ ఉత్తరం పట్టుకుని మొదలైతే కచ్చితంగా ఇంతే తేడా కనిపిస్తుంది. దిక్సూచి పట్టుకునో, ఏదో గోడ మూల పట్టుకునో మొదలెట్టి ఉంటే తేడా ఇంకెంతైనా కావచ్చు.

సర్వేని మాత్రం స్కేల్ చేయకండి, మార్కింగ్ చేసేది నేల మీదే. జీఐఎస్ డేటానే నేలకి తీసుకురండి. క్యూజీఐఎస్ సెట్టింగ్స్‌లో కస్టమ్ ప్రొజెక్షన్స్‌కి వెళ్లి ఒక ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ తయారు చేయండి: మధ్య రేఖాంశం 77.74, మూల అక్షాంశం 12.94, స్కేల్ 1.00012, ఫాల్స్ ఈస్టింగ్ 5000, ఫాల్స్ నార్తింగ్ 5000, డేటమ్ డబ్ల్యూజీఎస్84, యూనిట్ మీటర్లు. లేయర్లన్నిటినీ రీప్రొజెక్ట్ లేయర్‌తో దానిలోకి మార్చి సేవ్ చేయండి. సెట్ లేయర్ సీఆర్‌ఎస్ వాడితే అంకెలు మారవు, పేరు మాత్రమే మారుతుంది. తర్వాత కోఆర్డినేట్ సిస్టమ్ ఇవ్వని డ్రాయింగ్‌లోకి మ్యాప్‌ఇంపోర్ట్ చేస్తే అంకెలు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. దూరాలు కలుస్తాయి, సైట్ దగ్గర ఉత్తరం నిజ ఉత్తరమవుతుంది. ఇంకా తిరిగి ఉంటే అలైన్ కమాండ్‌తో రెండు హద్దురాళ్లు పట్టుకుని కలపండి, స్కేల్ చేయాలా అని అడిగితే వద్దనండి.

లేఅవుట్_వర్తూరు
చాలా థ్యాంక్సండి, లెక్క స్పష్టంగా అర్థమైంది. ఇంకొక్కటి. ఆర్కిటెక్ట్ మిల్లీమీటర్లలో అడుగుతున్నారు. వెయ్యితో స్కేల్ చేసి పంపేయొచ్చా? కాలువల లేయర్ కూడా అందులోనే ఉంచనా?

ఈస్టింగ్_నార్తింగ్
యూటీఎం అంకెలతో అయితే వద్దు. నార్తింగ్ 143 కోట్ల మిల్లీమీటర్లు అవుతుంది, అంత దూరంలో హాచ్ సరిగా పడదు, గీతలు వణికినట్టు కనిపిస్తాయి. పైన చెప్పిన లోకల్ ప్రొజెక్షన్‌లో 5000 మీటర్లంటే 50 లక్షల మిల్లీమీటర్లే, ఇబ్బంది ఉండదు. అయినా స్కేల్ చేసే పని లేదు. మీ డ్రాయింగ్‌లో ఇన్‌సర్ట్ యూనిట్లు మీటర్లుగా, ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో మిల్లీమీటర్లుగా ఉంటే ఎక్స్‌రెఫ్‌గా (బయటి ఫైల్‌కి లింక్‌గా) తగిలించినప్పుడు ఆటోక్యాడే వెయ్యి రెట్లు చేసుకుంటుంది. టైటిల్ బ్లాక్ పక్కన ప్రొజెక్షన్ వివరాలన్నీ, ఒక హద్దురాయి యూటీఎం విలువతో సహా రాసి పెట్టండి. అవి లేకపోతే ఈ డ్రాయింగ్‌ని మళ్లీ మ్యాప్ మీద కూర్చోబెట్టడం కష్టం.

కాలువల లేయర్ ఉంచండి, కానీ విడి లేయర్‌లో, రిఫరెన్స్ అని పేరు పెట్టి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గీతలు ఎక్కువగా ఉపగ్రహ చిత్రం మీద చేత్తో గీసినవి, కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉంటాయి. రాజకాలువ (బెంగళూరులో వాన నీటి పెద్ద కాలువ) అంచు నుంచి వదలాల్సిన దూరాన్ని ఆ గీత నుంచి కొలవకండి. రెండు గట్లనీ టోటల్ స్టేషన్‌తోనే తీయించండి.