విండోస్ 10 కంప్యూటర్లు నాలుగు: లినక్స్‌కు మారాలా, వద్దా?

డీటీపీ దుకాణం, విజయనగరం:
గంటస్తంభం దగ్గర నా దుకాణం. శుభలేఖలు, కరపత్రాలు, సిరిమానోత్సవం వస్తే ఫ్లెక్సీలు. నాలుగు కంప్యూటర్లలోనూ విండోస్ 10 ఉంది. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతదనీ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేదనీ మూడు మొరాయించాయి. మా అబ్బాయి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసేయమంటున్నాడు. పక్క దుకాణం ఆయన మాత్రం నడుస్తున్న బండిని ఆపుకోవద్దంటున్నారు. మీరేమంటారు?

ఇంజినీరింగు మూడో సంవత్సరం:
వేసేయండి సార్! 1991లో హెల్సింకీలో చదువుకుంటూ లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెలే, అంటే లినక్స్ గుండెకాయే, ఇవాళ మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనును నడుపుతోంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్‌వే. ఇంకా సందేహమేమిటి?

పద్దులు రాసేవాడిని, శ్రీకాకుళం:
బాబూ, సూపర్ కంప్యూటర్ మీద ఎవరూ శుభలేఖ కొట్టించుకోరు. ఏడు రోడ్ల కూడలి దగ్గర నాకు చిన్న ఆఫీసు ఉంది. ఉత్సాహం కొద్దీ నేనూ ఒకసారి మారాను. రిటర్నుకు ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చితే కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు. డ్రైవరు వెతికేలోపు పన్నెండు దాటింది. ఆలస్య రుసుము నా జేబులోంచే కట్టాను. ఉచితమంటే కొనేటప్పుడు ఉచితం, అంతే. విండోస్ పాడైతే వీధి చివరి కుర్రాడు వచ్చి బాగుచేస్తాడు. లినక్స్ పాడైతే ఎవరిని పిలవను?
అన్నట్టు, విండోస్ 10కి నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అంత కంగారు అక్కర్లేదు.

రిటైర్డ్ మాస్టారు, ఆమదాలవలస:
కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్లుగా పిల్లలు లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. పిలిస్తే పలికే కుర్రాళ్లు అలా తయారవుతారు. అది అటుంచి, అడగకూడని ప్రశ్న ఒకటి అడుగుతాను. దుకాణదారు గారూ, మీ నాలుగింటిలో ఎన్నింటికి విండోస్ బిల్లు ఉంది? మన ఊళ్లలో లినక్స్‌కు అసలు పోటీ దొంగ కాపీయే. రెండూ ఉచితమే అయినప్పుడు చేయి తిరిగిన దాన్నే జనం పట్టుకుంటారు.

డీటీపీ దుకాణం, విజయనగరం:
ఒకదానికే ఉంది మాస్టారూ. సిగ్గుపడే చెబుతున్నాను.
ఆదివారం పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూశాను. ప్రింటరును అడక్కుండానే పట్టేసింది. ఆ సంబరంలో పాత శుభలేఖ ఒకటి తెరవబోతే, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో చేసిన ఫైలు కదా, తెరుచుకోలేదు. అందులోని మాటర్ విండోస్‌లోనే కాపీ చేసి తెచ్చి అతికించాను. వధువు పేరు ఉండాల్సిన చోట డాలరు గుర్తు, రెండు బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఏవో ఐరోపా అక్షరాలు! 'శ్రీరస్తు' ఏమైందో చెప్పలేను. ఇరవై ఏళ్ల పని అంతా ఇలాగే ఉంది.

ఇంజినీరింగు మూడో సంవత్సరం:
అది లినక్స్ తప్పు కాదు సార్. మీ పాత ఫాంటు యూనికోడ్‌ది, అంటే ప్రతి భాష అక్షరాలకూ విడిగా చోటిచ్చే పద్ధతిది, కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. ఆ ఫాంటు తీసేస్తే విండోస్‌లో కూడా అదే గందరగోళం కనిపిస్తుంది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు సొంత గదులిచ్చింది.

రిటైర్డ్ మాస్టారు, ఆమదాలవలస:
అయితే దుకాణదారు గారిని కట్టేసింది విండోస్ కన్నా ఆ ఫాంటు, 2001 నాటి పేజ్‌మేకర్. నా సలహా: ఇల్లు మార్చే ముందు సామాను మార్చండి. రాతకు లిబ్రే ఆఫీస్, పేజీ కూర్పుకు స్క్రైబస్ ఉన్నాయి, రెండూ విండోస్‌లోనూ నడుస్తాయి. రామభద్ర, మండలి, సురన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. కొత్త కార్డులు వాటితో చేయండి. చేయి కుదిరాక లినక్స్ సంగతి చూద్దురు గాని. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్. అదే సంస్థ 2016లో లినక్స్ ఫౌండేషన్‌లో సభ్యత్వం తీసుకుంది. వాళ్లే సర్దుకుపోగా మనకెందుకీ పంతం?

పద్దులు రాసేవాడిని, శ్రీకాకుళం:
పాత మాటర్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి గానీ వత్తులు దారి తప్పుతాయి. పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పుపడితే గొడవకు వచ్చేది మీ దగ్గరికే. ప్రూఫు రెండుసార్లు చూసుకోండి.

డీటీపీ దుకాణం, విజయనగరం:
సరే, ఇలా అనుకుంటున్నాను. బిల్లున్న విండోస్ యంత్రం పాత ఫైళ్లకే. దానికి ఇంటర్నెట్ వైరు పీకేస్తాను. కొత్త పనికి రెండింటిలో లినక్స్. నాలుగోది మా అబ్బాయికి, ఏమైనా చేసుకోనీ.

పద్దులు రాసేవాడిని, శ్రీకాకుళం:
ఆ వైరు పీకిన దాని డిస్కు పోతే?

డీటీపీ దుకాణం, విజయనగరం:
నిన్ననే ఇంకో డిస్కు కొన్నాను. బిల్లు తీసుకున్నాను మాస్టారూ.